అందినట్టు సంతకం

16 ఫిబ్రవరి 2025, ఆదివారం
ములకలపల్లి మండలం

బద్రూ,

చాంది చివరి రోజు ఎలా గడిచిందో నీకు రాయాలి. నువ్వు ఆమె తమ్ముడివి. ఫోన్‌లో చెప్పలేను. దహనం అయ్యాక ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టాను.

ఫిబ్రవరి మూడు, సోమవారం. ఆ రోజు ఖమ్మం దవాఖానాకు డయాలసిస్‌కు వెళ్లాలి. "ఇయ్యాల వద్దు, రేపు పోదాం" అన్నది. జొన్నరొట్టె సగం తిన్నది. పదింటికి మా చెల్లెలు ప్రమీల వచ్చి తల దువ్వింది. జడ గట్టిగా వేయమని చెప్పి వేయించుకుంది. ఎండలో మంచం వేయమంటే వేశాను. ఆరబోసిన మిర్చి ఘాటుకు దగ్గు వచ్చింది. మంచం అటు పక్కకు జరిపాను.

రెండున్నరకు ఊపిరి ఆడటం కష్టమైంది. 108కి ఫోన్ చేశాను. గంట పడుతుందన్నారు. ఆమె నీతో మాట్లాడాలన్నది. కలిపి ఇచ్చాను. ప్రమీలను వేడినీళ్లు పెట్టమని లోపలికి పంపింది. నాతో, "నీ బ్యాగు టైమైంది, బస్సు పోతది, పో" అన్నది. ఆ స్థితిలో కూడా నా డ్యూటీ గుర్తుపెట్టుకుంది. టపా సంచికి సీలు వేసి రోడ్డు మీదికి వెళ్లి, మూడున్నర బస్సులో ఇచ్చి వచ్చాను. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

వచ్చేసరికి ఫోన్ ఆమె రొమ్ము మీద ఉంది. "కోటేష్ వస్తడా?" అని అడిగింది. "వస్తడు" అన్నాను. తల ఊపింది. అంబులెన్స్ తాండా మలుపు తిరుగుతుండగా ప్రాణం పోయింది. నాలుగూ పది.

తర్వాతిది నీకు తెలుసు. పారాచూట్ ట్రైనింగ్‌లో కోటేష్ ఫోన్ మీ దగ్గరే ఉంటుంది కాబట్టి నాలుగున్నరకు నీకు చేశాను. "నేను చెప్త బావా" అన్నావు. కొత్తగూడెం నుంచి ఐసుపెట్టె కిరాయికి తెప్పించి మర్నాటి దాకా ఆపాను. మర్నాడు మధ్యాహ్నం నువ్వు ఫోన్‌లో, "వాడు రాలేడు. నేను గూడ రాలేను" అని పెట్టేశావు. కన్నకొడుకు ఉండగా మా అన్న కొడుకు నిప్పు పెట్టాడు.

ఐదో తేదీన కోటేష్ పేరు మీద రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. దాని వెంట పంపిన రసీదు కార్డు పద్నాలుగున తిరిగి వచ్చింది. కార్డు మీద వాడి పేరు, సంతకం, పదో తేదీ ఉన్నాయి. అందింది. జవాబు లేదు.

వాడికి చెప్పు. అస్థికల కుండ పెరట్లో చింతకొమ్మకు కట్టి ఉంది. వాడు వచ్చేదాకా గోదావరికి పోనని ఆ ఉత్తరంలో రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఉగాదిలోపు భద్రాచలం నేనొక్కడినే పోతాను. వాడు దూకడం నేర్చుకోనీ.

లాల్‌సింగ్

*

24 ఫిబ్రవరి 2025
ఆగ్రా

బావకు దండాలు.

నీ ఉత్తరం శనివారం ముట్టింది. అక్క జడ గట్టిగ వేయమన్నదని రాసినవు కద, అక్కడ ఆగిపోయిన. కొంచెంసేపు బయట తిరిగొచ్చి మిగిలింది చదివిన.

నీ ఉత్తరం ఎప్పటి లెక్కనే పోస్టాఫీసు నోటీసు తీరుగ ఉన్నది. "మీ బావ నాతోని గూడ ముద్ర గుద్దినట్టే మాట్లాడ్తడు" అని అక్క నవ్వేది. ఇప్పుడు నాకే గుద్దుతున్నవు. గుద్దు. కాని కోటేష్‌ను అనకు. వాడు ఇక్కడ ఏం పడ్డడో నీకు తెల్వదు. అందుకే రాస్తున్న.

మొదటి మూడు నెలలు వేరే ఊర్ల. వీపు మీద ఇరవై కిలోల మూట, చేతిల రైఫిల్. ముందు పది కిలోమీటర్ల పరుగు, తర్వాత ఇరవై, ముప్పై, ఆఖరుకు నలభై. నిద్ర ఉండదు. నూటపది మంది మొదలుపెడితే ముప్పై ఎనిమిది మంది మిగిలిన్రు. ఎవ్వడూ కొట్టి వెళ్లగొట్టడు బావా. పోతనంటే చాలు, ఆ పూటనే మూట కట్టి పాత యూనిట్‌కు పంపుతరు. తలుపు ఎప్పుడూ తీసే ఉంటది. ఉండుడు అందుకే కష్టం.

ఆగ్రాల విమానంల నుంచి దూకుడు నేర్పేది ఎయిర్‌ఫోర్స్ ఉస్తాదులు. మా పిల్లలను కనిపెట్టుకోని ఉండేది హవల్దార్‌గ నా పని. రెండు వారాలు నేల మీదనే. ముందు పడుడు నేర్పుతరు. పాదాలు రెండు, మోకాళ్లు రెండు అతుక్కోని ఉండాలె. నేల తగలంగనే పిక్క, తొడ, నడుము, వీపు వరుసగ దొర్లిపోవాలె. కాళ్లు ఇంత ఎడం అయినా ఒక కాలు ముందు తగులుతది, ఆ కాలు పోతది. రోజుకు నూరుసార్లు పడేసరికి పిల్లలు పడుకున్నప్పుడు గూడ కాళ్లు దగ్గర పెట్టుకుంటరు. నేను చూసిన.

తర్వాత కట్టెతోని చేసిన విమానం. దానికి రెక్కలుండవు, తలుపు మాత్రం ఉంటది. తలుపుల నిలబడి ఉస్తాద్ వీపు తట్టంగనే బయటికి పోవాలె. కిందికి చూడొద్దు, ఎదురుగ చూడాలె. ఒక వెయ్యి, రెండు వెయ్యి, మూడు వెయ్యి, నాలుగు వెయ్యి అని లెక్కపెట్టాలె. విమానానికి కట్టిన పట్టీ గుంజితే వీపు మీది పారాచూట్ దానంతటదే తెరుచుకుంటది. నాలుగు వేలకు తెరుచుకోకపోతే రొమ్ము మీద ఉన్న చిన్నది గుంజాలె. పారాచూట్ మడిచేటోడు వేరే. మడిచి, కార్డు మీద వాని పేరు రాసి సంతకం పెడతడు. వాని ముఖం మనం ఎన్నడూ చూడం. ఆ సంతకం నమ్మి దూకుడే.

జంపులు ఐదు. ఒకటి చీకట్ల. నాలుగో తారీకు మొదలు కావాలె. పొగమంచు పడ్డది బావా. గిట్ల మంచు నేను పద్దెనిమిదేండ్ల సర్వీస్‌ల చూడలే. రోజూ తెల్లారి లేపి, పారాచూట్ కట్టించి, విమానం పక్కన కూర్చోబెట్టి, తొమ్మిదింటికి విప్పించుడు. ఆరు రోజులు గట్లనే పోయినయి. పదో తారీకు తెరిపిచ్చింది. పదమూడున ఐదోది అయింది. ఆ మధ్యాహ్నం వాని ఛాతికి రెక్కల గుర్తు పెట్టిన్రు. అప్పుడు నవ్విండు చూడు, అచ్చం అక్క నవ్వు. నువ్వు ఉంటే నీ కోపం అక్కడనే పోయేది.

ఇప్పుడు వానికి గూడ నీ మీద కోపమున్నది. ఎందుకని అడగకు. కొన్నాళ్లు ఊకో. నీ ఫోన్ బీరువాల, వాని ఫోన్ పెట్టెల. మీరిద్దరు ఒక్క తీరే. గోదావరికి మాత్రం ఒక్కనివే పోకు.

నీ బావమరిది
బద్రు

*

2 మార్చి 2025, ఆదివారం

బద్రూ,

నవ్వాడని రాశావు. పదమూడో తేదీ మధ్యాహ్నం. తల్లి పోయి పది రోజులు.

కోటేష్‌కు ఇరవై రెండేళ్లు. పెంచిన కుక్కను లారీ గుద్దితే నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు వాడికి పదిహేడు. తెలిసి ఉంటే ఆ మధ్యాహ్నం నవ్వేవాడు కాదు. నువ్వు ఆ ముక్క రాసేటప్పుడు సంతోషంలో తేదీ మరిచిపోయావు.

రసీదు కార్డు మళ్లీ తీశాను. ఈ పోస్టాఫీసులో ఇరవై ఆరేళ్లుగా ఇలాంటి కార్డులు చూస్తున్నాను. పేరు చూస్తాను, తేదీ చూస్తాను, రిజిస్టరులో ఎక్కిస్తాను. రాసిన చేయి ఎవరిదో చూడను. అలా చూడాలని నాకు ఎవరూ నేర్పలేదు. ఈసారి చూశాను.

నువ్వు పదో తరగతి చదివేటప్పుడు మా ఇంట్లో ఉన్నావు. హాల్ టికెట్ మీద సంతకం కావాలన్నారు. నీకు లేదు. నేను కూర్చోబెట్టి నేర్పాను. పేరు కింద ఒక గీత, గీత చివర రెండు చుక్కలు. ఎవరూ దొంగ సంతకం చేయకుండా అని చెప్పాను. నువ్వు సిలబస్ పుస్తకం అట్టనిండా చేశావు. చాంది తిట్టింది.

కార్డు మీద కోటేష్ పేరు కింద ఆ గీత ఉంది. రెండు చుక్కలు ఉన్నాయి.

వాడికి ఎప్పుడు చెప్పావు? నా ఉత్తరం ఎక్కడుంది? నా మీద కోపం దేనికి? దూకడం గురించి ఇంకేమీ రాయకు. ఈ మూడింటికే జవాబు రాయి.

లాల్‌సింగ్

*

10 మార్చి 2025
ఆగ్రా

బావా,

రెండు చుక్కలు నాకు యాదికి గూడ లేవు. చేయి అలవాటు. పెట్టేసింది.

అన్నీ రాస్త. చదివినంక నువ్వు నన్ను బావమరిది అనకున్నా సరే.

ఆ రోజు అక్క నువ్వు రోడ్డు ఎక్కినంక మాట్లాడింది. ముందు నా పిల్లలను అడిగింది. తర్వాత, "బద్రూ, నేను ఇయ్యాల పోత. మీ బావ జల్దీ కోటేష్‌కు కబురు పెడతడు. పెట్టకుండ ఉండలేడు. నువ్వు మాత్రం చెప్పొద్దు. ఐదు దూకేదాక చెప్పొద్దు" అన్నది. గట్ల మాట్లాడకక్కా అన్న. వినలే.

"పోయినసారి ఏమైంది?" అన్నది. పోలీసు నౌకరీ పరుగు పరీక్ష సంగతి బావా. వాడు కరీంనగర్‌ల ఉండి ఏడాది ప్రాక్టీస్ చేసిండు. అక్కకు మొదటిసారి బాగలేనప్పుడు నువ్వు వెంటనే రమ్మని రాసినవు. వాడొచ్చిండు. రేపు పరుగు అనంగ దవాఖానాల కూర్చున్నడు. "వాని పరుగు పోయింది, నేను బతికిన" అన్నది అక్క. "వాడు ఒక్క మాట అనలే. వాని ముఖం చూసినప్పుడల్లా బతికినందుకు నాకే సిగ్గయింది. నా సావుకు గూడ వానిది పోవద్దు. ఒట్టెయ్యి" అన్నది. "బావకు చెప్పొద్దు. ఆయన కబురు ఆపనియ్యడు" అన్నది.

ఒట్టేసిన.

నాలుగు, ఐదు తారీకులు రెండు రోజులల్ల జంపులు అయిపోతయి, ఆరున వాణ్ణి రైలెక్కిస్త అనుకున్న. మంచు గట్ల పడతదని నాకేం ఎరుక? రోజూ రేపు, రేపు అనుకున్న. దినాలు గూడ అయిపోవస్తున్నయని నాకు తెల్సు. మా సాబ్‌కు చెప్తే అదే గంటల వానికి సెలవిచ్చి పంపేటోడు. తల్లి పోతే ఇక్కడ ఎవ్వరూ ఆపరు. అందుకే చెప్పలే. నేను బయలుదేరినా వానికి అనుమానమొస్తది. అందుకే నేనూ రాలే. అక్క ముఖం నేను గూడ చూడలేదు బావా. అదొక్కటి నువ్వు మరిచిపోకు.

ఒట్టు ఒక్కటే కాదు. నా బ్యాచ్‌ల ఒకడుండె. ఇంటి నుంచొచ్చిన ఉత్తరం జేబుల పెట్టుకోని విమానం ఎక్కిండు. తలుపుల నిలబడ్డడు. ఉస్తాద్ వీపు తట్టిండు. కదల్లే. ఇంకోసారి తట్టిండు. కూర్చున్నడు. తలుపుల ఆగినోణ్ణి మళ్ల ఎక్కియ్యరు. మంచి పిలగాడు, మా అందరికంటె బాగ పడేటోడు. కోటేష్‌ను చూసినప్పుడల్లా వాడే కనపడ్డడు.

నీ రిజిస్టర్డ్ ఉత్తరం పదిన వచ్చింది. అప్పుడు కోటేష్ మొదటి జంప్‌కు విమానంల ఉన్నడు. టపా తెచ్చినాయన కోటేష్ ఎవరన్నడు. నేనే అన్న.

పదమూడు సాయంత్రం చెప్పిన. వాని బూట్లు తుడుచుకుంటున్నడు. "ఎప్పుడు?" అన్నడు. మూడో తారీకు అన్న. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నడు. "నాకు చెప్పలేదని నాన్నకు తెల్సా?" అన్నడు.

ఇక్కడ నేను తప్పు చేసిన. తెల్సు అన్న. మీ అమ్మ, నాన్న ఇద్దరనుకున్నదే, నేను వాళ్ల మాట విన్న, అంతే అన్న. ఒక్క నా మీదనే పడితే వాడు సాబ్ దగ్గరికి పోతడని భయమైంది. నాకు ఇంక ఎనిమిది నెలల సర్వీస్ ఉన్నది బావా. అక్క పేరు చెప్పి దాక్కునుడు చాల్లేదు, నీ పేరు గూడ అడ్డం పెట్టుకున్న.

వాడు రెక్కల గుర్తు ఊడదీసి పెట్టెల వేసిండు. నాతోని మాట్లాడడు. నేను మెస్‌ల కూర్చున్న బల్లకు రాడు. సాబ్‌కు తెలిసి సెలవిస్తనంటే, "ఎవరి కోసం పోవాలె సార్" అన్నడట. మా బ్యాచ్ ఇరవై రెండున ఈశాన్యం పోతున్నది. అక్కడికి పోతే ఏడాదికి గాని కనపడడు.

నీ ఉత్తరం ఇందుల పెట్టిన. చింపలే. అంత మాత్రం చేయలే.

బద్రు

*

17 మార్చి 2025, సోమవారం

బద్రూ,

నీ ఉత్తరం అందింది. లోపల నా కవరు అలాగే ఉంది. అంటించిన చోట నా బొటనవేలి మరక కూడా ఉంది.

నువ్వు చదవలేదు కాబట్టి అందులో ఏముందో రాస్తున్నాను. "అమ్మ పోయింది. నువ్వు రానన్నావని మామ మాటను బట్టి అనుకోవాలి, నేను అనుకోవడం లేదు. నువ్వు వచ్చేదాకా గోదావరికి పోను." అంతే. తొమ్మిది రోజుల తర్వాత కార్డు వచ్చింది, అప్పుడు వాడు రానన్నాడనే అనుకున్నాను. నా కొడుకు కంటే కార్డును ఎక్కువ నమ్మాను. అది నీ తప్పు కాదు.

కరీంనగర్‌కు నేను రాసిన మాట నిజం. ఆమె దాని గురించి రెండేళ్లలో ఒక్కసారి కూడా నాతో అనలేదు. అని ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. నీతో అన్నది. ఆమె మనసులో నేను ఉత్తరాలు ఆపలేని మనిషిని. ఎవరి బతుకు మీద పడినా సరే, అందించేసి ముద్ర వేసుకునేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ల కాపురం తర్వాత ఆమె నా గురించి తమ్ముడికి చెప్పుకున్నది అది.

ఆ స్థితిలో కూడా నా డ్యూటీ గుర్తుపెట్టుకుందని మొదటి ఉత్తరంలో రాశాను. ఆ వాక్యం కొట్టెయ్యి. ఆ రోజు సంచిలో మూడు ఉత్తరాలున్నాయి. మర్నాడు పోయినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. గంట ప్రాణం మిగిలి ఉండగా ఆమె నన్ను అరగంట బయటికి పంపింది. ప్రమీలను కూడా పంపింది. నేను పరుగెత్తి వెళ్లి పరుగెత్తి వచ్చాను. వస్తుంటే ఆమె దగ్గు వినపడుతుందేమోనని చెవి పెట్టుకుని వచ్చాను. వచ్చాక, కోటేష్ వస్తడా అని అడిగింది. రాకుండా చేసిన తర్వాత అడిగింది. నేను వస్తడు అంటే తల ఊపింది.

ఆ తల ఊపడం పట్టుకుని నలభై రెండు రోజులుగా నేను బతుకుతున్నాను. అది కూడా నాకు లేకుండా పోయింది. ఆమెను అడుగుదామంటే చింతకొమ్మకు ఉంది.

నీ అక్క ముఖం నువ్వు చూడలేదని గుర్తుంచుకోమన్నావు. ఉంచుకుంటాను. ఒట్టు నిలబెట్టుకోవడం వరకు నీ మీద నాకు పేచీ లేదు. మంచు మీద కూడా లేదు. పదమూడో తేదీ సాయంత్రం ఆమె నీతో ఏ ఒట్టూ వేయించలేదు. వాడు నీ ఎదురుగా కూర్చుని తండ్రికి తెలుసా అని అడిగాడు. ఒక్క మాట అడిగాడు. దానికి నువ్వు చెప్పిన జవాబులో చాంది లేదు, కోటేష్ లేడు. నీ ఎనిమిది నెలలు ఉన్నాయి.

పారాచూట్ మడిచినవాడు కార్డు మీద తన పేరు రాసి సంతకం చేస్తాడని, ఆ సంతకం నమ్మి దూకుతారని రాశావు. అక్కడ ఎవడైనా వేరేవాడి పేరు రాసి సంతకం చేస్తే వాణ్ణి మీరు ఏం చేస్తారు? జవాబు రాయనక్కర్లేదు.

మీ సాబ్‌కు నేను ఏమీ చెప్పను. కోటేష్ చెప్తే ఆపను.

వారం రోజులు సెలవు పెట్టాను. ప్రమీల పోస్టాఫీసు చూస్తుంది. సంచికి సీలు వేయడం నిన్న నేర్పాను, చేయి కాల్చుకుంది. మూడున్నర బస్సు వచ్చినా రాకపోయినా మూడింటికే రోడ్డు మీద ఉండమని చెప్పాను. కుండ కట్టిన తాడు పాతదైంది, మార్చాను. వాడు వస్తానంటే ఇద్దరం భద్రాచలం పోతాం. రానంటే ఉగాది దాటినా అది అక్కడే ఉంటుంది. ఒక్కడినే పోతానన్నది కూడా కొట్టెయ్యి.

ఈ ఉత్తరం ఈ మధ్యాహ్నం సంచిలో వేస్తున్నాను. ఇది నీకు చేరేసరికి నేను ఆగ్రా వచ్చి వెళ్లి ఉంటాను. నిన్ను కలవను. నువ్వు గేటు దగ్గరికి రావద్దు.

రేపు పొద్దున ఆరింటి బస్సుకు కొత్తగూడెం పోయి, ఖమ్మంలో ఢిల్లీ రైలు ఎక్కుతాను. ఆ కవరును కోటేష్ చేతికి ఇస్తాను. ఒక కొత్త రసీదు కార్డు జేబులో పెట్టుకున్నాను. దాని మీద వాడితోనే సంతకం చేయించుకుంటాను.

లాల్‌సింగ్